మిరియాల చారూ పడిశమూ

పిల్లవాడు పొద్దున్నే లేచి వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మి, ముక్కు ఎగబీల్చుకొంటూ వంటింటి గడప దగ్గర చతికిలబడితే, ఆ పూట ఏమి వండాలన్న ప్రశ్న ఇక ఉండదు. అమ్మమ్మ పోపులపెట్టె తీసి, చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచుతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే చితక్కొడుతుంది. నిమ్మకాయంత చింతపండు పిసికి, పలుచని పులుసు తీసి, ఉప్పు, పసుపు, కరివేపాకు వేసి, దంచిన పొడి కలిపి పొయ్యిమీద పెడుతుంది. చారు తెర్లి పొంగు వచ్చేవేళకు దించి, నేతిలో ఆవాలు, ఇంగువ, ఒక ఎండుమిరపకాయ తాలింపు వేస్తుంది. ఆ ఘాటు వీధి అరుగు దాకా వస్తుంది. వేడి అన్నంలో ఆ చారు పోసుకొని రెండు ముద్దలు తినేసరికి పిల్లవానికి కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, నుదుట చెమట. “చూశావా, రొంప అంతా ఎట్లా కరిగిపోతున్నదో!” అంటుంది అమ్మమ్మ.

అన్ని ఇళ్ళలోనూ ఇదే పాకం కాదు. కొందరు శొంఠి నలగ్గొట్టి కషాయం కాస్తారు. కొందరు వేడి పాలలో మిరియాల పొడి, పసుపు వేసి రాత్రి పడుకొనే ముందు ఇస్తారు. తులసి ఆకులు వేసేవారున్నారు, వాము వేసేవారున్నారు. శొంఠి, పిప్పలి, మిరియాలు మూడింటినీ కలిపి ఆయుర్వేదం త్రికటుకమన్నది. సరుకు ఏదైనా సూత్రం ఒకటే: పడిశానికి కారం.

ఈ చారు పడిశాన్ని కుదురుస్తుందా? కుదురుస్తుందని తరతరాలుగా ఇల్లాళ్ళ నమ్మకం. చదువుకొన్న మనుమలు కొందరు ఇదంతా వట్టి భ్రమ అని తీసిపారేస్తారు. చూడబోతే ఇద్దరూ తొందరపడ్డవారే. చారు తాగినవానికి హాయి కలగడం కల్ల కాదు. అటువంటి వేడి పానీయాల ప్రభావాన్ని పరిశోధకులు కొలిచి చూశారు కూడా. కాని హాయి కలగడం వేరు, రోగం కుదరడం వేరు. ఈ తేడా తెలియక ప్రాణం మీదికి తెచ్చుకొన్న సందర్భాలున్నవి. అందుచేత ముందు పడిశమంటే ఏమిటో, కారమంటే ఏమిటో విడివిడిగా చూడటం మంచిది.

పడిశం స్వభావం

పడిశం పది రోగాల పెట్టు అన్నారు. అది తెచ్చిపెట్టే రోగాల లెక్క ఎట్లా ఉన్నా, పడిశాన్ని తెచ్చిపెట్టే వైరస్‌లు మాత్రం పది కాదు, రెండు వందలకు పైగా ఉన్నవి. వీటిలో పెద్ద కుటుంబం రైనోవైరస్‌లది. “రైనో” అనే గ్రీకు మాటకు ముక్కు అని అర్థం. ఖడ్గమృగానికి ఇంగ్లీషులో ఉన్న పేరులోనూ ఆ ముక్కే ఉన్నది. అమెరికాలో 1956లో వీటిని మొదటిసారి వేరుచేశారు. ఇప్పటికి 160కి పైగా రకాలు తెలిసినవి. ఒక్కొక్కటి 30 నానోమీటర్ల బంతి. మిల్లీమీటరు పొడవున వరుసగా పేర్చాలంటే సుమారు 33,000 కావాలి. ఒక రకాన్ని ఎదుర్కోవడానికి శరీరం సిద్ధపడేలోగా మరొక రకం తయారవుతుంది. అందువల్లనే పెద్దవారికి ఏడాదికి రెండు మూడు మార్లు, పిల్లలకు ఇంకా ఎక్కువగా పడిశం పడుతుంది.

వానలో తడిస్తే పడిశం పడుతుందన్న మాటను పరీక్షించినవారున్నారు. ఇంగ్లండులో సాలిస్‌బరీ అనే ఊరి దగ్గర 1946 నుంచి 1990 వరకు పడిశంపై పరిశోధన చేసే కేంద్రం ఒకటి నడిచింది. తమంతట తాము ముందుకు వచ్చినవారికి అక్కడ బస, భోజనం ఉచితం. ప్రతిఫలంగా ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకోవాలి. ఇటువంటి సెలవులు గడపడానికి వేలకొద్ది జనం వచ్చారంటే చిత్రమే! వారిలో కొందరికి స్నానం చేయించి, తడి ఆరకముందే గాలి కొట్టే నడవలో నిలబెట్టి, ఆపైన తడి మేజోళ్ళతో తిప్పి చూశారు. వైరస్ సోకనిదే చలి ఒక్కటే పడిశం తెప్పించలేకపోయింది.

రైనోవైరస్‌కు శరీరపు లోపలి వేడి, అంటే 37 సెంటీగ్రేడు డిగ్రీలు, అంతగా సరిపడదు. ముక్కు లోపల, బయటి గాలి తగిలేచోట, 33 డిగ్రీల చల్లదనంలో అది బాగా వృద్ధి పొందుతుంది. అయితే వేడి చారు తాగి దానిని ఉడకబెట్టవచ్చు గదా అని తెలివైన విద్యార్థి అడగవచ్చు. వీలుకాదు. వైరస్ ముక్కు గోడలోని జీవకణాలలో దూరి ఉంటుంది. చారు వెళ్ళేది గొంతులోకి; అది ముక్కుగోడను తాకదు. తాకేంత వేడిగా ఉంటే ముందు కాలేది నోరు.

ఇంకొక విశేషమేమిటంటే, పడిశంలో మనిషి పడే బాధలో ఎక్కువ పాలు వైరస్ స్వయంగా చేసినది కాదు. అది సోకిందని తెలియగానే శరీరమే బ్రాడికైనిన్ వంటి పదార్థాలను పుట్టిస్తుంది. వాటివల్ల ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, నీరు ఊరుతుంది, గొంతు నొప్పి పుడుతుంది. ముక్కు దిబ్బడ వేయడానికి చీమిడి అడ్డుపడటమే కారణమని చాలామంది అనుకొంటారు. ముఖ్య కారణం ఈ రక్తనాళాల వాపు. ఎంత చీదినా దిబ్బడ వదలకపోవడానికి ఇదే హేతువు.

ఈ వ్యవహారమంతా సామాన్యంగా రెండు మూడు రోజులలో ముదిరి, అక్కడినుంచి తగ్గుముఖం పట్టి, వారం పది రోజులలో ముగుస్తుంది. దగ్గు మాత్రం ఇంకొన్నాళ్ళు పట్టుకొని ఉండవచ్చు. ఈ కాలక్రమాన్ని గుర్తు పెట్టుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

కారం రుచి కాదు

షడ్రుచులలో కారానికి చోటు ఇచ్చాము గాని, శరీరశాస్త్రం దృష్టిలో అది రుచే కాదు. దీనిని తరగతిలో చూపించడం ఎంతో తేలిక. విద్యార్థిని ముక్కు గట్టిగా మూసుకొని రెండు జీలకర్ర గింజలు నమలమనాలి. ఏదో పొట్టు నమిలినట్లు ఉంటుంది గాని జీలకర్ర అని తెలియదు. ముక్కు వదలగానే పరిమళం గుప్పుమంటుంది. ఇప్పుడు మళ్ళీ ముక్కు మూసుకొని ఒక మిరియపు గింజ కొరకమనాలి. ఈసారి ముక్కు మూసినా మంట ఆగదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటివి నాలుక చెబుతుంది. వాసన ముక్కు పైభాగంలోని నాడి చెబుతుంది. కారం మాత్రం ముఖానికంతటికీ స్పర్శ, నొప్పి, వేడి తెలియజేసే అయిదవ కపాలనాడి ద్వారా మెదడుకు చేరుతుంది.

పడిశం పట్టినవానికి మిరియాల చారు ఎందుకు హితవుగా ఉంటుందో ఈ ప్రయోగంతో సగం తెలుస్తుంది. ముక్కు దిబ్బడ వేసినప్పుడు వాసన దారి మూసుకొంటుంది. పప్పు చప్పగా ఉంటుంది, కూర గడ్డి తిన్నట్లుంటుంది. మూసుకోనిది కారపు దారి ఒక్కటే. అన్నం సయించని మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించగలగడం చిన్న సంగతి కాదు.

మిరియాలలోని ఘాటు పదార్థాన్ని 1819లో వేరుచేసినవాడు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్. విద్యుత్తు ప్రవహించే తీగె అయస్కాంతపు సూదిని కదిలిస్తుందని ఆ మరుసటి ఏడే కనుగొన్న ఆయిర్‌స్టెడ్ ఆయనే. భౌతికశాస్త్రం పాఠంలో ఆయన పేరు చదివే విద్యార్థులలో ఎందరికో ఈ మిరియాల సంగతి తెలియదు. ఆ పదార్థం పేరు పిపెరీన్. దాని అణువులో 17 కర్బన పరమాణువులు, 19 ఉదజని, 1 నత్రజని, 3 ఆమ్లజని పరమాణువులున్నవి. మిరపకాయలోని కాప్సైసిన్‌కు, అల్లంలోని జింజెరాల్‌కు దీనితో కొంత పోలిక ఉన్నది. బలంలో కాప్సైసిన్ పిపెరీన్‌కు నూరు రెట్లకు పైమాటే. కాని మన వంటింట్లో మిరియానిదే పెద్దరికం. మిరప అమెరికా ఖండపు మొక్క. కొలంబస్ 1492లో అక్కడికి చేరిన తరువాత పోర్చుగీసు ఓడలలో మనదేశానికి వచ్చింది. దాని పేరులోనే మిరియం వినిపిస్తున్నది గదా!

ఇన్ని వేరువేరు పదార్థాలకు నోరు ఒకే విధంగా మండటానికి కారణం 1997లో బయటపడింది. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు నాడీకణాల పైపొరలో ఒక ప్రోటీనును గుర్తించారు. దాని పేరు టి.ఆర్.పి.వి.1. ఇది తలుపు వంటిది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకొంటుంది. అప్పుడు కాల్షియం, సోడియం అయానులు లోపలికి చొరబడి నాడిని మేల్కొల్పుతాయి. ఒళ్ళు కాలుతున్నదని హెచ్చరించడం దాని పని. చిత్రమేమంటే కాప్సైసిన్, పిపెరీన్, శొంఠిలోని ఘాటు కూడా అదే తలుపు తీస్తాయి. అంటే కారం తిన్నప్పుడు మెదడుకు అందే వార్త “నోరు కాలుతున్నది” అనే. వేడి చారులో మిరియాలు కలిసినప్పుడు ఒకే తాళానికి రెండు తాళపుచెవులు దొరికినట్లే. చల్లారిన చారులో అంత ఘాటు తోచకపోవడానికి కారణమిదే. ఈ కృషికి జూలియస్‌కు, స్పర్శ రహస్యాన్ని కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమానం వచ్చింది. పక్షులలో ఉండే ఇదే తలుపుకు కాప్సైసిన్ తాళపుచెవి పట్టదు. చిలుక పండుమిరపకాయను జామపండులా కొరుక్కు తినడంలో దాని గొప్పతనమేమీ లేదు!

రోలు, నెయ్యి, శొంఠి

ఈ వెలుగులో వంటింటి పద్ధతులను చూస్తే, పేర్లు తెలియకుండానే మన ఇల్లాళ్ళు ఎంత రసాయనశాస్త్రం నడిపించారో తెలుస్తుంది. పిపెరీన్ నీటిలో కరగడం చాలా తక్కువ. లీటరు చల్లని నీటిలో 40 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. కొవ్వులలో, సారాయిలో మరింత బాగా కరుగుతుంది. చారులో నేతి తాలింపు వాసన కోసమే కాదు; కరగని ఘాటును నేతి చుక్కలు పట్టుకొని నాలుక దాకా మోస్తాయి. పాలలో మిరియాలు వేసి మరిగించడంలోనూ ఈ సౌకర్యమే ఉన్నది.

మిరియపు గింజలో వాసన ఒకచోట, మంట ఒకచోట ఉంటాయి. వాసననిచ్చే తైలం పైతొక్కలో ఎక్కువ, పిపెరీన్ లోపలి పలుకులో ఎక్కువ. ఆ తైలం ఇట్టే ఎగిరిపోయేది. అందువల్లనే దంచి నెలల తరబడి నిలవ ఉంచిన పొడికి పరిమళం ఉండదు. వెలుతురు తగిలితే పిపెరీన్ అణువు ఆకారం మారి దాని మంట కూడా తగ్గుతుంది. అప్పటికప్పుడు రోట్లో దంచాలని, చారును ఎక్కువసేపు మరగనీయకూడదని అమ్మమ్మ పట్టుబట్టడంలో చాదస్తం లేదు. విశాఖ మన్యంలో, పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాలలో, కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగెలు పాకిస్తారు. పచ్చి కాయలను కోసి ఎండబెడితే తొక్క నల్లబడి ముడతలు పడుతుంది. అవే నల్ల మిరియాలు.

అల్లం సంగతి ఇంకా వినోదంగా ఉంటుంది. పచ్చి అల్లంలో ఉండేది జింజెరాల్. అల్లం ఎండుతున్నకొద్దీ ఒక్కొక్క జింజెరాల్ అణువు నుంచి ఒక్కొక్క నీటి అణువు తొలగిపోయి షోగవాల్ అనే కొత్త పదార్థం ఏర్పడుతుంది. జపాను భాషలో అల్లానికి “షోగ” అని పేరు. ఈ షోగవాల్ జింజెరాల్ కంటె రెట్టింపు ఘాటు. శొంఠి అంటే ఎండిన అల్లమే అయినా, పచ్చి అల్లం లేనప్పుడు వాడుకొనే బదులు సరుకు మాత్రం కాదన్నమాట. అల్లాన్ని బాగా ఉడికిస్తే మరో మార్పు వస్తుంది. జింజెరాల్‌లో కొంత విరిగి జింజెరోన్ అవుతుంది. దాని ఘాటు చాలా తక్కువ. పులుసులో ఉడికిన అల్లం ముక్క మెత్తగా, తియ్యగా తోచడానికి కారణమిదే.

ముక్కు వెంట నీళ్ళు

ఇప్పుడు అమ్మమ్మ మాటకు రావచ్చు. చారు తాగగానే ముక్కు కారడం రొంప కరగడమా? కారపు వార్త అయిదవ కపాలనాడి ద్వారా మెదడు కాండానికి చేరగానే, అక్కడినుంచి ముక్కులోని గ్రంథులకు, కన్నీటి గ్రంథులకు, లాలాజల గ్రంథులకు మనిషి ప్రమేయం లేకుండానే ఆజ్ఞలు వెళతాయి. గ్రంథులు పలుచని నీటిని పుష్కలంగా స్రవిస్తాయి. పడిశం లేనివాడు ఆవకాయ అన్నం తింటున్నా ముక్కు తుడుచుకోవడం అందరూ చూసినదే. కనుక కారినదంతా పాత రొంప కాదు. చాలావరకు అప్పుడే పుట్టిన నీరు. అయితే చిక్కబడి పట్టుకొన్న శ్లేష్మాన్ని ఆ నీరు పలుచబరచి కదిలించగలదు. అమ్మమ్మ చూసినది నిజం, చెప్పిన కారణం సగం నిజం.

శ్లేష్మం కదలికను కొలిచినవారున్నారు. అమెరికాలోని మయామీ బీచ్‌లో 1978లో ఆరోగ్యవంతులైన 15 మందితో ఒక ప్రయోగం చేశారు. వేడినీరు గుక్కగుక్కగా తాగినప్పుడు ముక్కులో శ్లేష్మం జరిగే వేగం నిమిషానికి 6.2 మిల్లీమీటర్ల నుంచి 8.4 మిల్లీమీటర్లకు పెరిగింది. కోడిపులుసు తాగితే 6.9 నుంచి 9.2కు పెరిగింది. చన్నీళ్ళు తాగితే 7.3 నుంచి 4.5కు పడిపోయింది. వేడి పానీయాలు తాగినప్పుడు పెరిగిన వేగం అరగంట గడిచేసరికి మొదటికి వచ్చింది. ఈ చివరి మాట ముఖ్యం. వేడి పానీయం పని చేస్తుంది, అరగంట సేపు.

ఇంగ్లండుకు పొరుగున వేల్సు దేశంలో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో పడిశం వంటి లక్షణాలున్న 30 మందితో మరొక పరీక్ష జరిగింది. దాని ఫలితం 2008లో వెలువడింది. ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గదిలోని వేడిమిలోనూ ఇచ్చి చూశారు. చల్లనిది తాగినవారికి ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు కొంత తగ్గినట్లు తోచింది. వేడిగా తాగినవారికి వీటితోపాటు గొంతునొప్పి, చలి, నీరసం కూడా ఉపశమించినవి. కాని ముక్కులోనుంచి గాలి ఎంత పోతున్నదో యంత్రంతో కొలిస్తే రెండు తెగలలోనూ మార్పు లేదు. వాపు వాపుగానే ఉన్నది; బాధ మాత్రం తగ్గింది. పిప్పరమెంటు పువ్వు వాసన చూసినప్పుడూ ఇంతే. చల్లదనాన్ని తెలిపే వేరొక నాడీద్వారాన్ని అది తెరుస్తుంది. దారి తెరుచుకొన్నట్లు మనిషికి అనిపిస్తుంది, దారి వెడల్పు మాత్రం మారదు. వేడి పానీయాన్ని చల్లనిదని మభ్యపెట్టి ఎవరిచేతా తాగించలేము గనుక, ఇందులో నమ్మకం పాలు ఎంతో విడదీయడం కష్టమే.

అమ్మమ్మలు అన్ని దేశాలలోనూ ఉన్నారు. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకుడొకరు తన భార్య అమ్మమ్మ నేర్పిన కోడిపులుసునే ప్రయోగశాలకు తెచ్చి, తెల్లకణాలలో ఒక తెగ కదలికను అది మందగింపజేస్తుందని 2000లో ప్రకటించారు. అది గాజుపాత్రలో చూసిన సంగతి. తాగిన పులుసు మనిషి ముక్కులోనూ అదే పని చేస్తుందని దీనివల్ల రుజువు కాదు. మిరియాలు, పసుపు వైరస్‌ను చంపుతాయని చెప్పే వార్తలలో చాలా భాగం ఇటువంటి గాజుపాత్రల వార్తలే.

కుదిరినట్లు కనిపించడం

మరి మూడు రోజులు చారు తాగితే తగ్గిందని వేలమంది చెప్పే అనుభవం మాటేమిటి? ఇక్కడే పైన చెప్పిన కాలక్రమంతో పని. మొదటి రోజున తుమ్ములకు ఎవరూ లెక్కచేయరు. పడిశం ముదిరి, తల దిమ్ముగా ఉండి, నిద్ర పట్టనప్పుడు మందు గుర్తుకు వస్తుంది. అది రెండవ రోజో, మూడవ రోజో అవుతుంది. ఆ మరునాటి నుంచి పడిశం తనంతట తానే దిగజారుతుంది. శిఖరం మీద ఉండగా ఏ మందు పుచ్చుకొన్నా తరువాతి అడుగు దిగుడే. చారు తాగినవాడు చారును, మాత్ర మింగినవాడు మాత్రను, తాయెత్తు కట్టించుకొన్నవాడు తాయెత్తును మెచ్చుకొంటాడు. వైరస్ మీద ఏ పనీ చేయలేని యాంటీబయాటిక్ మాత్రలకు కూడా మందుల దుకాణంలో ఈ విధంగానే మంచిపేరు వచ్చింది.

నిజం తేల్చాలంటే పడిశం పట్టినవారిని చీట్లు వేసి రెండు జట్లుగా విడదీయాలి. ఒక జట్టుకు మిరియాల చారు, ఇంకొక జట్టుకు మిరియాలు లేని చారు అంతే వేడిగా ఇచ్చి, ఎవరికి ఎన్ని రోజులలో తగ్గిందో లెక్క వేయాలి. ఎవరే జట్టో లెక్క వేసేవానికి తెలియకూడదు. ఇటువంటి పరీక్ష ఎట్లా ఏర్పాటు చేయాలో, అందులో పొరపాట్లు ఎక్కడ దూరగలవో పై తరగతుల విద్యార్థుల చేత చర్చింపజేయడం ఒక పాఠానికి సరిపోతుంది.

ఈ విచక్షణ లేకపోతే ఏమవుతుందో 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చూశాము. రోగనిరోధక శక్తి కోసం తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష కాచిన కషాయం రోజుకు ఒకటి రెండు మార్లు తాగవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ సలహా ఇచ్చింది. చాలా ఇళ్ళలో అది రోజుకు అయిదారు మార్లయింది. కడుపులో మంట తెచ్చుకొన్నవారున్నారు. కషాయం తాగాము గదా అని గుంపులలో తిరిగినవారూ ఉన్నారు.

మిరియం నిరపాయమైన దినుసే గాని బలహీనమైనది కాదు. బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో జరిగిన పరిశోధనలో, పసుపులోని కర్‌క్యుమిన్ 2 గ్రాములతోపాటు 20 మిల్లీగ్రాముల పిపెరీన్ ఇస్తే, రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. పేగులు, కాలేయం పరాయి పదార్థాలను మార్చి వెళ్ళగొట్టే పనిని పిపెరీన్ మందగింపజేయడమే దీనికి కారణం. ఈ గుణాన్నే ఆధారం చేసుకొని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల కృషితో ఒక క్షయ మందు తయారయింది. అది 2009లో బజారుకు వచ్చింది. అందులో రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాములే ఉంటుంది. తోడుగా 10 మిల్లీగ్రాముల పిపెరీన్ ఉంటుంది. ఇప్పుడు చారు లెక్క చూడండి. చెంచాడు మిరియాలు సుమారు 2 గ్రాములు. అందులో పిపెరీన్ నూటికి 5 పాళ్ళనుకొంటే 100 మిల్లీగ్రాములు. నలుగురు పంచుకొంటే తలకు 25. అందులో కొంత అడుగున పిప్పిలోనే మిగిలిపోతుంది. భోజనంలో ఒక పూట చారుకు భయపడనక్కరలేదు. కాని గుండెకో, మూర్ఛకో, రక్తం పలుచబడటానికో నిత్యం మందు వాడేవారు రోజంతా చిక్కని మిరియాల కషాయం తాగడం, మిరియపు సారం మాత్రలు మింగడం డాక్టరుతో చెప్పకుండా చేయరాదు.

చారు చాలని చోట

పెద్దవారికి పడిశం అసౌకర్యమే. పసిబిడ్డల సంగతి వేరు. ఏడాది నిండని బిడ్డకు శొంఠిపొడి తేనెలో రంగరించి నాకించడం చాలా ఊళ్ళలో ఆచారం. తేనెలో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు ఆ వయసు పేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టిస్తాయని 1976లో తెలిసింది. ఏడాది దాటిన పిల్లలకు మాత్రం రాత్రిపూట దగ్గుకు తేనె మేలుచేస్తుంది. పసివాళ్ళ ముక్కులో నూనె చుక్కలు వేయడం మరీ ప్రమాదం. ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారి, అక్కడినుంచి బయటికి రాలేక వాపు పుట్టిస్తుంది. ఆవిరి పట్టడం మీద కూడా పరీక్షలు జరిగినవి. 1980 దశకం చివర ఇజ్రాయెల్‌లో, ఇంగ్లండులో మేలు కనిపించింది. తరువాత అమెరికాలో చేసినప్పుడు కనిపించలేదు. మేలు సందేహంగా ఉన్నది గాని, మరిగే నీళ్ళ గిన్నె ముందు దుప్పటి కప్పి పిల్లవానిని కూర్చోబెడితే గిన్నె ఒరిగి తొడలు కాలడం సందేహమేమీ కాదు; కాలిన గాయాల వార్డులలో అటువంటి పిల్లలు కనిపిస్తూనే ఉంటారు.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం చారులో లేదు, చారు ఇస్తున్నాము గదా అని ఆగడంలో ఉన్నది. న్యుమోనియా మొదట్లో పడిశంలాగే కనిపిస్తుంది. ప్రపంచంలో అయిదేళ్ళ లోపు పిల్లల ప్రాణాలు తీసే అంటురోగాలలో అది ఇప్పటికీ ముందున్నది. దగ్గు, పడిశం ఉన్న బిడ్డ ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి లాగుకొంటున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పెద్దలలో గాని పిల్లలలో గాని దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

న్యుమోనియాను ఇంట్లోనే పసిగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. దానికి సెకన్ల ముల్లు ఉన్న గడియారం ఉంటే చాలు. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకు 40 గాని అంతకు మించి గాని ఊపిరులు ఉంటే వేగం ఎక్కువైనట్లే. చారు గిన్నె పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క తప్పుతుంది. నిద్రపోతున్నప్పుడో, ఒడిలో నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటిగా, నిమిషం పూర్తిగా లెక్కించాలి. అరనిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే పసిబిడ్డల విషయంలో పొరపాటు రావచ్చు. వాళ్ళ ఊపిరి ఒకమారు గబగబా, ఒకమారు ఆగి ఆగి నడుస్తుంది.